ఎరుపు వెలిసిన అడవి

మా పెదనాన్న పటాలు కట్టేవాడు. పెళ్ళి ఫోటోలు, డిగ్రీ పట్టాలు, పోయినవాళ్ళ ఫోటోలు, ఏది తెచ్చిచ్చినా నాలుగు చెక్కలు కోసి, మూలలు అతికి, అద్దం వేసి ఇచ్చేవాడు. ఆయన అతికిన మూలలో గోరు కూడా దూరదు. ఆ సంగతి అందరికంటే ముందు ఆయనే చెప్పేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అందుకని నాలుగో కాలి ఊసు ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

కానీ కొట్టు నడిచింది మా పెద్దమ్మ కళ్ళ మీద. బొమ్మ చుట్టూ, అద్దం కింద వేసే రంగు అట్టను మౌంటు అంటారు. ఏ బొమ్మకు ఏ రంగు మౌంటు నప్పుతుందో ఆవిడే చెప్పాలి. వచ్చినవాళ్ళు పెదనాన్నను దాటుకుని లోపలికి తొంగిచూసి, "అమ్మగారు లేరా?" అనేవాళ్ళు. ఆయన ఉడుక్కునేవాడు. "కోసేది నేను, పేరు ఆవిడకి" అని గొణుగుతూనే ఆవిడ చూపించిన అట్ట తీసేవాడు.

ఆ అడవి బొమ్మను ఎవరో కట్టమని ఇచ్చి, మళ్ళీ రాలేదు. అచ్చుబొమ్మే. అసలుది ఎక్కడో పెద్ద మ్యూజియంలో ఉంటుందట. ఆకులు రాలే కాలం. చెట్లు చెట్లలా కాక ఊదారంగు కమ్మీల్లా నిలబడి ఉంటాయి. ఆకులేమో ఎరుపూ నారింజా పసుపూ ముద్దలు ముద్దలుగా అద్ది ఉంటాయి. "ఇది అడవా, రంగు డబ్బాలు ఒలికిపోయాయా?" అని మొదట నవ్వింది పెద్దమ్మే. తర్వాత దాన్ని ఇంటికి తెప్పించి, కిటికీ ఎదురుగా ఉన్న గోడకు కొట్టించిందీ ఆవిడే. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని దాని ముందు కూర్చునేది. "దగ్గరికెళ్తే అన్నీ మరకలే. దూరం జరిగితేనే అందం. మీ పెదనాన్న లాగే" అనేది నాతో.

ఒకరోజు, "ఏమండీ, ఈ బొమ్మలో ఎరుపు తగ్గినట్టు లేదూ?" అంది.

అడిగిందే తడవు పెదనాన్న పేపరు పక్కన పడేసి లేచాడు. "ఎండ పడుతోంది కదే! అచ్చుబొమ్మల్లో ముందు పోయేది ఎరుపే. ఆ తర్వాత పసుపు. ఆఖరికి నీలం మిగులుతుంది. ఎన్ని చూశాను నేను!" బొమ్మ ముందు నిలబడి తల పంకించాడు. "అవును, వెలిసింది." ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే వెలిసినట్టు కనిపించింది ఆయనకు. అన్నీ తెలిసినవాడికి తనకు తెలిసిందే కనిపిస్తుంది.

పటాన్ని నీడపట్టున ఉన్న గోడకు మార్చాడు. అయినా ఎరుపు తగ్గుతూనే ఉందంది పెద్దమ్మ. సిరా నాసిరకం అన్నాడు. కొట్లో ఎవరికో గోధుమరంగు మౌంటు ఇవ్వబోయి ఎర్రది ఇచ్చింది, వాళ్ళు తిరిగొచ్చి గొడవపడ్డారు. కొట్లో వెలుతురు చాలట్లేదంటూ బల్బు మార్చాడు. ఒకసారి కళ్ళు చూపించుకోరాదా అని నేనంటే, "నా కళ్ళకేమే? బొమ్మదే తప్పన్నారుగా ఆయన. ఆయనకు తెలియదా?" అంది పెద్దమ్మ.

టీ గ్లాసులో పోయబోయి బల్ల మీద పోసిన రోజున డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పరీక్షలయ్యాక డాక్టరు ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి మమ్మల్ని లోపలికి పిలిచాడు. కళ్ళ వెనక గడ్డ లేచిందట, రెండు కళ్ళ చూపు నరాలనూ ఎన్నాళ్ళుగానో నొక్కుతోందట. "ఎరుపు వెలిసినట్టు కనపడుతోందని ఎప్పుడైనా అన్నారా ఆవిడ? చాలామందికి అదే మొదటి గుర్తు. అప్పుడే తీసుకొచ్చి ఉంటే చూపు నిలిచేది" అన్నాడు. గడ్డ తీశారు. చూపు రాలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు మధ్యాహ్నం, పెద్దమ్మ పక్కగదిలో పడుకుని ఉండగా, ఆయన ఆ పటాన్ని కిందికి దింపాడు. వెనక మేకులు ఒక్కొక్కటే పీకి, అట్ట తీసి, మౌంటు ఎత్తి చూశాడు. మౌంటు కింద దాగిన అంచుకు వెలుగు తగలదు కనక, బొమ్మ వెలిసిందో లేదో ఆ అంచే చెబుతుంది. పటాలు కట్టే ఎవరికైనా తెలిసిన సంగతే. అంచు ఎంత ఎర్రగా ఉందో బొమ్మంతా అంత ఎర్రగానే ఉంది.

నాకు ఒళ్ళు మండింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన నేల మీద చతికిలబడి, ఏడుపు పక్కగదికి వినపడకుండా భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మాట మింగేశాను. "మీ పెద్దమ్మకు చెప్పకే. నా మాట నమ్మబట్టే కళ్ళు పోగొట్టుకుందని తెలిస్తే నేనింక దానికి మొహం చూపించలేను" అన్నాడు. నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

ఆ తర్వాత అంత వాగుడుకాయా మూగవాడైపోయాడు. కొట్టు ఒంటిపూటే తెరిచేవాడు. వంట నేర్చుకున్నాడు, నేర్చుకున్నాడనే అనుకోవాలి మరి. "ఉప్పు మర్చిపోయారని చూడ్డానికి కళ్ళక్కర్లేదు లెండి" అని నవ్వేది పెద్దమ్మ. అప్పుడప్పుడూ, "బొమ్మలో ఎరుపు మొత్తం పోయిందా?" అని అడిగేది. "పోయింది" అనేవాడు గోడ వైపు చూడకుండా.

పక్కవాటాలో కొత్తగా దిగినావిడ ఒక సాయంత్రం చూడ్డానికి వచ్చింది. పాపం, ఆవిడకేం తెలుసు! కుర్చీలో కూర్చుంటూనే, "అబ్బ, ఏం ఎరుపండీ పిన్నిగారూ! అడవంతా అంటుకున్నట్టుంది" అంది.

వంటింట్లోంచి వస్తున్న పెదనాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కొత్తదమ్మా" అంది పెద్దమ్మ, తడుముకోకుండా. "పాతది వెలిసిపోతే మీ బాబాయిగారు మార్చారు."

"అలాగా! ఎక్కడ దొరికింది బాబాయిగారూ?"

పెదనాన్న తడి చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. "అదే బొమ్మమ్మా" అన్నాడు. "మార్చలేదు. అసలెప్పుడూ వెలిసిపోలేదు."

ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. కాసేపు ఇటూ అటూ చూసి, పొయ్యి మీద పాలున్నాయంటూ వెళ్ళిపోయింది.

"ఎందుకు చెప్పారు? నేను సర్దేశాగా" అంది పెద్దమ్మ.

"నీకు తెలుసా?"

"మీరు మేకులు పీకుతుంటే విన్నాను. పటం ఎందుకు విప్పుతారో నాకు తెలియదా? మళ్ళీ కొట్టడానికి చాలాసేపు పట్టింది మీకు. ఆ మధ్యలోదీ విన్నాను."

ఆయన అక్కడే నిలబడిపోయాడు. పెద్దమ్మ చెయ్యి చాపింది. ఆయన ఎటున్నాడో అంచనా తప్పింది, చేతికి మంచం కోడు తగిలింది. అప్పుడు పెదనాన్న వచ్చి నేల మీద కూర్చుని ఆ చేతి కింద తల పెట్టాడు.