కవాతు బాణీ కట్టిన మా నాయన

అయిదో క్లాసులో ఉన్నప్పుడు... సీతారామపురం బళ్లో ఒకరోజు అయ్యవారు ఒక్కొక్కరినే లేపి మీ నాయన ఏం చేస్తాడని అడిగినాడు. "మిలిటరీలో బ్యాండు వాయిస్తాడు సార్" అన్నాను గొప్పగా. క్లాసంతా ఒకటే నవ్వు. "మిలిటరీలో గూడా పెళ్లిళ్లు చేస్తారా మే?" అని వెనకనుంచి ఎవరో.

ఏడుస్తా ఇంటికొచ్చి తాతకు చెప్తే, ఆయనా నా పక్క మాట్లాడలేదు. "నవ్వరా మరి!" అన్నాడు.

మాది సన్నాయి వాయించే ఇల్లు. కలిగిరి, కొండాపురం దాకా పెద్దోళ్ల ఇళ్లల్లో పెళ్లంటే మా తాత సన్నాయి ఉండాల్సిందే. నాయన పదేళ్లకే తాత పక్కన కూర్చోని శ్రుతి పట్టినోడు. పద్దెనిమిదేళ్లప్పుడు ఒక పెళ్లిలో అందరూ తిన్నాక మేళం వాళ్లకు గొడ్ల చావిట్లో ఆకులేసినారంట. నాయన ఆకు ముందరనుంచి లేచి, నెల్లూరు పోయి, మిలిటరీలో చేరిపోయినాడు. అక్కడ క్లారినెట్ నేర్చుకున్నాడు. స్వరాలు కాగితం మీద రాయడం నేర్చుకున్నాడు. కొన్నేళ్లకు వాళ్ల పటాలం కవాతుకు బాణీలు కట్టేంత వాడైనాడు.

తాతకు మాత్రం అది కొడుకును పోగొట్టుకున్నట్టే...

ఆ ఏడు ఎండాకాలం సెలవులో నాయన ఇంటికొచ్చినాడు. అరుగు మీద కూర్చోని, స్వరాలు రాసే అయిదు గీతల కాగితం ముందర పెట్టుకోని, కాలితో తాళం వేస్తా ఏదో కూనిరాగం తీస్తా ఉండేవాడు. మూడో రోజు తాత వసారాలోనుంచి ఉరికొచ్చినాడు.

"అది నా ఊరేగింపు బాణీ కదరా!"

"అవును నాయనా. కవాతుకు బాగుంటాదని..."

"పెళ్లికొడుకు ముందర వాయించేదిరా అది! చావుకు పొయ్యేవోళ్ల ముందర వాయిస్తావా?"

నాయన కాగితాలు మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. సెలవు అయిపోయేదాకా ఇద్దరికీ మాటల్లేవు. బస్సెక్కే రోజు నాయన వంగి తాత కాళ్లకు మొక్కితే ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను చూసినాను.

నెల తిరక్కముందే సరిహద్దులో కాల్పులు మొదలైనాయని రేడియోలో చెప్పినారు.

అమ్మ పెద్దగా భయపడలేదు. "బ్యాండు వాళ్లను యుద్ధానికి తీసకపోరులే" అనేది. మా వీధి చివర్న రిటైరైన సుబేదారు మామ ఒకాయన ఉండేవాడు. ఆయనతో కూడా అట్టాగే అనింది. ఆయన "యుద్ధమొస్తే వాయిద్యాలు పెట్టెల్లో పెట్టి తాళమేస్తారమ్మా. దెబ్బలు తగిలినోళ్లను స్ట్రెచర్ మీద మోసుకొచ్చేది బ్యాండు వాళ్లే" అన్నాడు.

అమ్మ చేతిలో చేట అట్టాగే నిలిచిపోయింది.

ఉత్తరాలు ఆగిపోయినాయి. తాత రోజూ పొద్దున పోస్టాఫీసు గడప కాడ కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు... కూర్చోని, సంచీ విప్పేది చూసి, లేచొచ్చేవాడు. ఒప్పుకున్న రెండు పెళ్లిళ్లకూ రాలేనని చెప్పి పంపినాడు. ఎందుకు తాతా అంటే "ఊపిరి నిలవడంలేదే" అన్నాడు.

ఒకరోజు మిట్టమధ్యాన్నం పోస్టుమేన్ మా ఇంటికే వచ్చినాడు. టెలిగ్రాం.

మా ఊళ్లో టెలిగ్రాం అంటే ఒకటే అర్థం. ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు తెలిసింది నాకొక్కదానికే. నా చేతికిచ్చినారు. మొదటి మాట నాకు తెలియదు... ఎంత కూడబలుక్కున్నా నోరు తిరగలేదు.

అమ్మ నా భుజాలు పట్టుకోని కుదిపేసింది. "ఉండాడా, లేడా? అది చెప్పు మే ముందు!"

"లెఫ్ట్ హ్యాండ్ అనుండాది... హాస్పిటల్ అనుండాది..."

"ఆస్పత్రిలో ఉంటే, ఉండాడు" అన్నాడు తాత. అన్నాడే గానీ, నమ్మలేక ఆ కాగితం లాక్కోని చెప్పులు కూడా లేకుండా బడికి పరిగెత్తినాడు. హెడ్మాస్టరు చదివి, ఎడమ చేతికి గాయం, ప్రాణానికి భయం లేదని చెప్పినాక, తాత ఆ బడి మెట్ల మీదనే కూలబడి ఏడ్చినాడంట. ఆయన ఏడవడం ఊరు చూసింది అదొక్కసారే.

రెండు నెలలకు నాయన వచ్చినాడు. ఎడమ చెయ్యంతా కట్టు. రెండు వేళ్లు ఇంక వంగవు. క్లారినెట్ పట్టుకునేది అయిపోయినట్టే.

తెల్లారి తాతే ముందుగా నోరు తెరిచినాడు. "ఆ బాణీ ఏమైంది?"

"వదిలేసినాను. నువ్వన్నదే నిజం నాయనా. నేను మోసిన వాళ్లల్లో నలుగురు దార్లోనే పోయినారు... ఒకడు నా చొక్కా పట్టుకోని వదల్లేదు."

తాత "పెళ్లికొడుకు ముందర నేను వాయించేది ఎందుకనుకున్నావురా?" అన్నాడు. "అంతమంది చూస్తా ఉంటే వానికి కాళ్లు తడబడతాయి. భయపడకుండా నడవాలని. నీ పటాలం పిల్లోళ్లకు మాత్రం భయముండదా? ఆ బాణీ కట్టు."

లోపలికి పోయి సన్నాయి తెచ్చినాడు.

తాత ఒక్కో ముక్క వాయిస్తా ఉంటే నాయన కుడి చేత్తో రాసుకున్నాడు. ఎడమ చెయ్యి పనికిరాదు కదా... కాగితం కదలకుండా రెండు చేతులతో నొక్కిపెట్టి పట్టుకున్నది నేనే. మధ్యలో ఇద్దరూ కొట్లాడుకున్నారు కూడా. "ఇక్కడ సాగదియ్యబాకు నాయనా, అడుగు పడేచోటు ఇది!" "నాకు చెప్పొచ్చినావా నువ్వు!" లోపల అమ్మ నవ్వడం వినబడింది... ఎన్నాళ్లకో.

నాయన ఆ కాగితాలు పటాలానికి పంపితే, మరుసటేడు వాళ్లు ఆ బాణీ వాయించిన క్యాసెట్ వచ్చింది. తాత టేప్ రికార్డరు ఒళ్లో పెట్టుకోని మొత్తం విన్నాడు. "ఊపిరి తీసుకునే చోటు పెట్టలేదు వీడు" అని ఒక్క మాటన్నాడు. మళ్లీ మొదటినుంచి పెట్టమన్నాడు. ఆ సాయంత్రం ఎన్నిసార్లు పెట్టినానో!

తాత పోయి చాలా కాలమైంది. నాయన ఇప్పుడు ఆత్మకూరులో మా దగ్గరే ఉండాడు. ఆ బాణీ వాళ్ల పటాలంలో ఇప్పటికీ వాయిస్తారంట... ఎవరు కట్టినారో ఇప్పటి పిల్లోళ్లకు తెలియదంట. మొన్న మా వీధిలో పెళ్లి ఊరేగింపు పోయింది, వ్యాను మీద ఇంతింత స్పీకర్లు. అద్దాలు అదిరినాయి. వాయించే మనిషి మాత్రం ఒక్కడూ లేడు.

మీ ఇళ్లల్లో సన్నాయో, డోలో, క్లారినెట్టో వాయించినోళ్లు ఉన్నారా? ఉంటే వాళ్ల పేరు ఇక్కడ రాయండి... పాటలు ఎట్టాగూ ఎవరివో తెలియకుండా పోతా ఉండాయి, పేర్లన్నా ఒకచోట ఉంటాయి.