పైడమ్మ కుడికన్ను

1993లో పైడమ్మ కుడికంట్లో శుక్లం ముదిరింది, ఎడమకంటి చూపూ అంతంతమాత్రమే. ఆ హిందీ ఊళ్లో దేవేంద్ర నగర్ తెలుగువాళ్లందరికీ జాకెట్లు కుట్టిన మనిషి, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి కోడల్ని పిలవాల్సొచ్చింది. భర్త వెంకటరత్నం ఉక్కు మిల్లులో స్టోర్ కీపరు. మిల్లు తరఫున ఇంటిల్లిపాదికీ బీమా ఉంది.

డాక్టరు రెండు మార్గాలు చెప్పాడు. శుక్లం తీసి లోపలే లెన్సు పెట్టొచ్చు. లేదా ఊరికే తీసేసి సోడాబుడ్డి అద్దాలు ఇవ్వొచ్చు. లెన్సుకు ఖర్చెక్కువ గనక బీమావాళ్లను కనుక్కోమన్నాడు.

వెంకటరత్నం కనుక్కోలేదు. వాళ్లు రాదంటే చేతి డబ్బు తీయాలి, అదేమో స్కూటరుకని దాచుకున్నది. ఇంటికొచ్చి, "లెన్సుకి బీమా రాదట పైడీ" అనేశాడు.

"పోన్లెండి, అద్దాలు చాలు" అందామె.

ఆ అద్దాల్లోంచి అన్నీ పెద్దగా, మీదికొచ్చినట్టు కనిపించేవి. టీ పోస్తే కప్పు పక్కన పడేది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసింది. కొత్త స్కూటరు వెనక కూర్చుని అతని చొక్కా గుప్పిట బిగించి పట్టుకునేది. ఆ పట్టు తెలిసినప్పుడల్లా వెంకటరత్నం బండి నెమ్మది చేసేవాడు.

మరుసటేడు ఎడమకన్నూ పూర్తిగా మసకేసింది. మిల్లులోనే పనిచేసే దానయ్య భార్య పలకరించడానికొచ్చి, తనకు లెన్సు బీమాలోనే వేశారని చెప్పి వెళ్లింది.

"అప్పుడు మీరు బీమా దఫ్తర్లో అడిగినారా?" అంది పైడమ్మ.

"లేదు."

"మరి రాదన్నారేటి?"

అతను స్కూటరు తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాడు. "రేపు బీమావాళ్ల దగ్గరికి నేనూ వస్తాను" అందామె.

బీమా ఏజెంటు ఎదుట కూర్చుని తనే హిందీలో అడిగింది. ఏ లెన్సుకి ఇస్తారు, తేడా ఎవరు కట్టాలి, ముందు మేం కడితే తిరిగొస్తుందా అని. మామూలు లెన్సుకు పూర్తిగా వస్తుందని, విదేశీదైతే పై ఖర్చు మీరే పెట్టుకోవాలని అతను చెప్పాడు.

"విదేశీదే వేయిద్దాం. స్కూటరు అమ్మేస్తాను" అన్నాడు వెంకటరత్నం.

"మామూలుది చాలని డాక్టరే అన్నాడు. మీ మనసు కుదుటపడ్డానికి నా కంట్లో ఖరీదైనది ఎందుకండీ?"

మామూలు లెన్సుతోనే ఎడమకన్ను తేటపడింది. కుడికంటికి ఇప్పుడైనా లెన్సు పెట్టమని అతను డాక్టర్ని బతిమాలాడు. ఆ కన్ను మళ్లీ కదిపితే ప్రమాదమని, రెండు కళ్లకూ పొసగదు గనక ఆ సోడాబుడ్డి అద్దం కూడా ఇక వాడొద్దని డాక్టరు అన్నాడు.

పైడమ్మ మళ్లీ మిషను ముందు కూర్చుంది, తల కాస్త వంచి, ఒంటికన్నుతో. డ్యూటీ నుంచి వచ్చిన వెంకటరత్నం ఒక్కోరోజు ఆమెకు కనబడని కుడివైపే నిలబడిపోతాడు. అటు నుంచైతేనే ఆమెను తేరిపార చూడగలుగుతున్నాడు.