ట్రైలర్‌లో మడి వంట

అమ్మకి బయటి తిండి పనికిరాదనే మావారు, కారు వెనక తగిలించుకుపోయే చక్రాల ఇల్లు, ట్రైలర్ కొన్నారు. ఈ మాట ముందే చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినదాన్నవుతాను. ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, సామానంతా నార్త్ కరొలైనాకి పంపేశాం. అక్కడ ఆయన కొత్త ఉద్యోగంలో చేరడానికి ఇంకా వ్యవధి ఉంది.

"దక్షిణానికి వెళ్లిపోయేముందు అత్తయ్యగారికి వెర్మాంట్ కొండల్లో ఆకులు రంగు మారడం చూపిద్దాం. వంటిల్లు మన వెనకాలే వస్తుంది, ఆవిడ మడికి ఏ లోటూ ఉండదు" అన్నారు.

ఇంజనీరు బుర్ర! పొయ్యి ఉందా, సింకు ఉందా, ఫ్రిజ్ ఉందా అని చూశారు గాని, పొయ్యి పక్కన ఏముందో చూడలేదు.

అమ్మ మొదటి రోజే చూసింది. స్నానం చేసి, మడి చీర కట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఇలా తిరిగిందో లేదో, మోచెయ్యి బాత్‌రూమ్ తలుపుకి తగిలింది.

"ఏమిటే ఇది? పాయిఖానా పక్కన పొయ్యా!"

"తలుపు వేసే ఉంటుంది కదమ్మా."

"వేస్తే మాత్రం? ఇక్కడ నేను వండను. నువ్వు వండినా తినను."

పోనీ బయట క్యాంపు బల్ల మీద స్టవ్ పెడతానంటే, "అక్కడ ఎవరెవరు ఏమేం కాల్చుకు తిన్నారో!" అంది. నిజం చెప్పొద్దూ, ఆ బల్ల దగ్గర మాంసం కాల్చిన వాసనకి నేనూ ముక్కు మూసుకున్నాను. వెర్మాంట్‌లో వాన ఒకటి. కొండలన్నీ పసుపూ కుంకుమా ఆరబోసినట్టుంటే, ఆవిడ కారు వెనక సీట్లో కూర్చుని అరటిపండు వొలుచుకునేది.

అమ్మకి షుగర్. అసలు భయం అదీ. మడి ఎంత నియమమో మాత్ర వేసుకోవడమూ అంతే నియమం. తిండి లేకుండా ఆ మాత్ర వేసుకుంటే ప్రమాదమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"పాలు తాగానుగా, పళ్లు తిన్నానుగా" అనేది.

"నీ మొండితనంతో నన్ను చంపుతావే అమ్మా!" అని అరిచేదాన్ని.

"ఆవిణ్ణి అనకు. ఈ దరిద్రపు ట్రైలర్ కొన్నది నేను" అనేవారు మావారు. ఆకుల గురించి మాట్లాడటం ఆయనా మానేశారు.

వర్జీనియా కొండల్లోకి వచ్చాక ఫ్రిజ్ పనిచెయ్యడం మానేసింది. పాలు విరిగిపోయాయి. పళ్లు అయిపోయాయి. ముందు ఊళ్లో కొందామని బయల్దేరాం. అమ్మ అప్పటికే మాత్ర వేసేసుకుందట.

లోయ కనిపించే చోట ఆయన కారు ఆపారు. "అమ్మా, చూడు" అని వెనక్కి తిరిగాను. ఆ చలిలో ఆవిడ మొహమంతా చెమటలు. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి "పిన్నీ" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇద్దరం పట్టుకుని ట్రైలర్‌లోకి తీసుకెళ్లాం. ఆయన పంచదార నీళ్లు కలిపి చెంచాతో పోశారు. ఆవిడ మింగుతోంది, అదొక్కటే అదృష్టం. కాస్త తేరుకున్నాక, మా ఇద్దరికోసం పొద్దున చేసుకున్న పులిహోర ముద్ద చేసి నోటికి అందించాను. అమ్మ ముద్ద వంక చూసింది. నా భుజం మీంచి ఆ బాత్‌రూమ్ తలుపు వంక చూసింది. నోరు తెరిచింది.

"ఇంకో ముద్ద పెట్టు" అంది. ఆయన బయటికి వెళ్లి కారు దగ్గర నిలబడ్డారు.

కొత్త ఇంటికి చేరగానే నేను చేసిన మొదటి పని, వంటింట్లో ఒక మూల అమ్మకోసం వేరే స్టవ్, కొత్త గిన్నెలు అమర్చడం. "ఇక్కడికి మేమెవరమూ రాం. నీ ఇష్టం వచ్చినట్టు వండుకో" అన్నాను.

"ఎందుకే శ్రమ? నువ్వు ఏది పెడితే అదే తింటాను" అంది అమ్మ.

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఎవరింట్లోనో దిగిన చుట్టంలా, ఇబ్బంది పెట్టకూడదన్నట్టు అంది. మర్నాడు స్నానం కాకుండానే వచ్చి నా పక్కన నిలబడి, కూరలు తరిగిపెట్టనా అని అడిగింది. ఆవిడ చెయ్యి నా చేతికి తగిలింది. ఎప్పుడూ "ముట్టుకోకే!" అని అరిచి దూరం జరిగే మనిషి, అక్కడే నిలబడి ఉంది.

"తిట్టమ్మా, ఒక్కసారి తిట్టు" అన్నాను.

"దేనికే?" అంది.