గుండు బల్బు రెగ్యులేటరు

మా అమ్మాయికి పదకొండో ఏట ఒకసారి ఫిట్స్ వచ్చింది. తిరువళ్ళూరు డాక్టరు మందులు రాసి, మినుకు మినుకుమనే వెలుతురు ఈ పిల్లకు పడదు, జాగ్రత్త అన్నాడు. పిల్లకేమో చీకట్లో పడుకోవాలంటే భయం, పెద్ద లైటు కింద నిద్ర పట్టదు. అందుకని వెలుతురు తగ్గించే రెగ్యులేటరు నేనే బిగించాను. ఎలక్ట్రీషియన్‌ను పిలుద్దామన్న మా ఆవిడ మీద, నాకు తెలియని కరెంటు పనా అని ఎగిరిపడ్డాను కూడా. ఆ రెగ్యులేటరు అటక మీద పడి ఉన్న పాతకాలందే. బల్బు మాత్రం కొత్త ఎల్‌ఈడీ.

మూడో రోజు సాయంత్రం మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. "లైటు అదురుతా ఉండాది. మీకు కనపళ్ళేదా?"

లేదన్నాను. ఆమె ఫోను కెమెరా తెరిచి బల్బు వైపు పెట్టింది. నల్లటి చారలు ఒకదాని వెనక ఒకటి జారిపోతున్నాయి. నా కంటికి అందని మినుకు అది. గబగబా లైటు ఆర్పేశాను. రెండు రాత్రులు పిల్లను దాని కింద పడుకోబెట్టింది నేనే.

మర్నాడు రెగ్యులేటరూ బల్బూ సంచిలో వేసుకుని తిరుత్తణి బస్సెక్కాను. దారిలో కనకమ్మ సత్రం అనే ఊళ్ళో బస్సాపి టీకి దిగిన డ్రైవరును మనసులో నానా తిట్లూ తిట్టాను.

"ఇది లోపల తీగ కాలే గుండు బల్బుకుదా అన్నా," అన్నాడు తిరుత్తణిలో కరెంటు సామాన్ల షాపాయన, రెగ్యులేటరును తిప్పి చూసి. "ఎల్‌ఈడీ లాక్కునే కరెంటు రవ్వంత. అంత తక్కువకు ఇది నిలకడగా పని చెయ్యదు. నీ బల్బు కూడా వెలుతురు తగ్గించే వీలుండే రకం కాదు, దాని మీదే రాసుండాది సూడు."

చీమ తలకాయంత అక్షరాలు. నేను చదవనే లేదు.

ఎల్‌ఈడీకని చేసిన రెగ్యులేటరు తీసి, తగ్గించే రకం బల్బులు ఒక్కొక్కటే తగిలించాడు. ప్రతిదాన్నీ బాగా తగ్గించి ఫోన్లో చూశాను. రెండింటికి చారలు వచ్చాయి. మూడోది నిలిచింది. ఇంకోసారి తగ్గించమన్నాను. విసుక్కుంటూనే తగ్గించాడు.

ఈసారి ఎలక్ట్రీషియనే బిగించాడు. మధ్యాహ్నం కిటికీలు మూసి, మళ్ళీ ఫోనుతో చూసుకుని, అమ్మాయిని పిలిచాను. చాప మీద కూర్చుంది. మెల్లగా తగ్గించాను. నేనుగానీ మా ఆవిడగానీ బల్బును చూడలేదు. పిల్ల కనురెప్పలు, వేళ్ళు, పెదవులు, అవే చూస్తున్నాం.

"లైటు బాగుండాది నాయనా," అంది. కాసేపాగి, "మీరిద్దరూ నన్నట్ల సూడొద్దండి. నాకు అదే భయమైతా ఉండాది," అంది.

మా ఆవిడ ముఖం తిప్పుకుంది. ఎటు చూడాలో నాకు తెలియలేదు.