పచ్చ పడవకు మోటారు కట్టించిన సంగతి

మా ఆయన పోయాక ఆయన వస్తువులు ఒక్కొక్కటీ ఎవరికో ఒకరికి ఇచ్చేశాను. చొక్కాలు, చెప్పులు, స్కూటరు, అన్నీ. పచ్చ పడవ మాత్రం ఇవ్వలేదు. పడవంటే పెద్దదేం కాదు. ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునే ప్లాస్టిక్ పడవ. కయాకు అంటారట దాన్ని. ఎక్కడో బోటింగు మూసేస్తుంటే తెచ్చుకున్నాడు. ఆదివారం వస్తే చాలు, ప్రొద్దుటూరులో ఆటో నెత్తిన దాన్ని కట్టి, జమ్మలమడుగు దాటి డ్యాము నీళ్ళలో దించి, గాలం వేసుకుని పొద్దు వాలేదాకా కూర్చునేవాడు. తెచ్చే చేపలు ఒక పూట పులుసుకు కూడా చాలేవి కావు. నేను తిట్టేదాన్ని. ఆయన నవ్వేవాడు.

ఆయన పోయిన ఏడాదికి, అంతగా ఏముందో చూద్దామని నేనే ఎక్కాను. గట్టు దగ్గర నాలుగు ఆదివారాలు తిప్పలు పడి తెడ్డు వేయడం నేర్చుకున్నాను. నీళ్ళ మధ్యకు పోయాక తెలిసింది, ఆయన చేపల కోసం పోలేదని. అక్కడ ఎవరూ పిలవరు. టీ పెట్టమనేవాళ్ళు లేరు. "పాపం, ఒంటిదానివైపోతివే" అని జాలిపడే చుట్టాలు లేరు. ఇన్నాళ్ళూ ఇంత సుఖం ఒక్కడే అనుభవించాడా అని ఆయన మీద కోపం కూడా వచ్చింది. అప్పటి నుంచి నా ఆదివారాలన్నీ నీళ్ళమీదే.

రెండేళ్ళకు కుడి భుజం మొండికేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవదు. ఒకరోజు ఎదురుగాలికి తెడ్డు వేయలేక అవతలి గట్టున తుమ్మకంపలో చిక్కుకున్నాను. చేపలు పట్టేవాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. నేను ఇల్లు చేరేలోపలే ఆ కబురు పులివెందులలో ఉన్న మా తమ్ముడికి చేరింది. తెల్లారేసరికి వాకిట్లో దిగాడు.

"ఏందక్కా నువ్వు చేస్తాండేది? ఈ వయసులో నీళ్ళమింద నీకేం పని?"

"చేపలు పడతాండా."

"అంగట్లో చేపలు లేవా?"

"అంగట్లో మాట్లాడేవాళ్ళు శానామంది ఉంటార్రా."

వాడు నా మాట వినడం లేదు. పడవను జానతో కొలుస్తున్నాడు. "నేను తీసకపోతా దీన్ని. ఎనుములకు కుడితితొట్టి ల్యాక అగసాట్లు పడతాండా. మూడు ఎనుములు వరసగా నిలబడి తాగొచ్చు."

మా ఆయన పడవ గేదెల తొట్టి అవుతుందంటే నాకు ఒళ్ళు మండింది. "మోటారు పెట్టిచ్చుకుంటా. తెడ్డు పనే ఉండదు."

"పెట్టిచ్చుకో. నా కండ్ల ముందర, తెడ్డు ముట్టకుండా ఆ నీళ్ళలో ఉండే రాతిగుండును చుట్టి రా. వస్తివా, నీది. రాకపోతివా, ఎనుములది."

సరే అన్నాను. అన్నాక తెలిసింది ఏం పందెం కాశానో. పడవ పోతే నాకు ఆదివారం లేదు. మిగిలిన ఆరు రోజులు ఎట్లాగూ ఊళ్ళోవాళ్ళవే.

జమ్మలమడుగులో చేలకు మందుకొట్టే స్ప్రేయర్లు, బండ్ల బ్యాటరీలు బాగుచేసే సాయిబు ఒకాయన ఉన్నాడు. మా ఆయన స్నేహితుడు, నన్ను వదినా అంటాడు. ఆయనే తెప్పించాడు మోటారు. పొడుగాటి కడ్డీ, కింద నీళ్ళలో తిరిగే రెండు రెక్కల ఫ్యాను, పైన చేతిపిడి. పిడి తిప్పితే పడవ కదులుతుంది. దానితో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నాకు సంతకం తప్ప అక్షరం రాదు, ఆయనకూ అంతే. ఇద్దరం బొమ్మలు చూసుకున్నాం.

నా వెనక అడ్డంగా టేకు చెక్క బిగించి, ఎడమ చేతికి అందేటట్టు మోటారు పెట్టాడు. బ్యాటరీ కూడా వెనకే పెట్టాడు. నీళ్ళలో దించి నేనెక్కి కూర్చుంటే పడవ ముక్కు పడగెత్తిన పాములా లేచింది.

"బరువు వెనక్కు పడింది వదినా."

"నన్నంటాండావా, బ్యాటరీనంటాండావా?"

"బ్యాటరీనే, బ్యాటరీనే" అంటూ దాన్ని తెచ్చి నా కాళ్ళ ముందర కట్టాడు. పడవ చక్కబడింది.

ఆదివారం పొద్దున గట్టు మీద తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను నీళ్ళలోకి దిగబోతుంటే సాయిబు ఆపాడు. సంచిలోంచి నల్లదారానికి గుచ్చిన నిమ్మకాయ, ఏడు మిరపకాయలు తీశాడు.

"నా చేతిలోనుంచి ఏ బండీ నిమ్మకాయ ల్యాకుండా పోలేదు."

"టైర్లు లేవు కదప్పా, యాడ పెడతావు?"

"తిరిగేదానికే కడదాం."

గట్టు మీద ఉన్నందున మోటారు పైకి ఎత్తి పెట్టి ఉంది. దాని కడ్డీకి, ఫ్యానుకు జానెడు ఎడంలో కట్టాడు. ముగ్గురం దండం పెట్టుకున్నాం. మోటారును కిందికి దించితే ఆ దండ కూడా నీళ్ళలోకే పోతుందని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

పోయేటప్పుడు ఎంత బాగా పోయిందో! తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికూతురిలా కదలకుండా కూర్చున్నాను. రాతిగుండు చుట్టి మలుపు తిరగగానే మోటారు గుర్రుమని ఆగిపోయింది. గాలి నన్ను రాతి మీదికి తోస్తోంది. గట్టు మీద తమ్ముడు చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. తెడ్డు ఒళ్ళోనే ఉంది. ఒక్క తోపు చాలు. చెయ్యి దాని మీదకు పోయింది కూడా. మళ్ళీ తీసేశాను. తెడ్డు బదులు కాలు చాపి రాయిని ఒక్క తన్ను తన్నాను. కాలు వాడకూడదని వాడు చెప్పలేదు కదా.

బ్యాటరీ వైరు పీకి మోటారు పైకెత్తితే, ఫ్యాను చుట్టూ నల్లదారం బిగుసుకుని ఉంది. నిమ్మకాయ నుజ్జయింది, మిరపకాయలు పచ్చడయ్యాయి. గాలం దారం కోసే చిన్న కత్తితో ఒక్కొక్క పోగు కోసి, పచ్చడంతా వేళ్ళతో గీకి తీశాను. చెమట కారుతుంటే అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

అమ్మా! ఆ మంట పగవాడికి కూడా వద్దు. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను సగం తెరిచి, వైరు తగిలించి పిడి తిప్పాను. తిరిగింది.

గట్టు చేరేసరికి రెండు కళ్ళలోనూ ధారలు. ముక్కు కూడా కారుతోంది. తమ్ముడు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి వచ్చాడు. వాడి ముఖం పాలిపోయింది.

"ఏడ్వాకక్కా. బావ గుర్తొచ్చినాడా? పడవ నీదేలే, నేను తీసకపోను. ఏడ్వాకు."

గమ్మునుంటే సరిపోయేది. కానీ గెలిచింది ఏడ్చి కాదు. "ఏడుపు కాదురా. మిరపకాయ!"

సంగతంతా చెబితే సాయిబు తల పట్టుకున్నాడు. "నా మోటారు ఆగలేదు వదినా. నా నిమ్మకాయ ఆపింది." తమ్ముడు మాత్రం నవ్వలేదు. రాతిగుండు దగ్గర పడవ ఆగినప్పుడు తనకు ఈత రాదని వాడికి గుర్తొచ్చిందట. చాలాసేపు వాడు నా చెయ్యి వదల్లేదు.

పడవ నాదే అయింది. ఇప్పుడు తమ్ముడు ఫోను ప్లాస్టిక్ కవరులో పెట్టి నా మెడలో వేలాడదీశాడు. గంటకొకసారి చేస్తాడు. సరిగ్గా చేప కొరికి గాలం బెండు మునిగేటప్పుడే మోగుతుంది.

"అక్కా, యాడుండావు?"

"నీళ్ళమిందనే ఉండా. బతికే ఉండా. పెట్టేయ్ రా, చేప పోతాంది!"

పోనే పోతుంది.