కడిగిన ఉన్ని

మా బావి మీది ఇంజను నూనె లేక ఆగిపోయిన ఎండాకాలం అది. సంస్థానం సరిహద్దులు బిగుసుకుపోయి ఊళ్లోకి కిరసనాయిలు రావడమే కష్టమైంది. కోస్గి బజారులో ఇంజను నూనె అడిగితే నవ్వారు. బండి కట్టుకుని జడ్చర్ల దాకా పోయి, ఖాళీ డబ్బాతో తిరిగొచ్చిన నాడు బాపు ఒక్కటే మాట అన్నాడు: "ఇంజను ఇప్పి దాపెడ్దాం."

ఆ ఇంజను వచ్చాకే మా రాళ్ల చెలకలో వరి పండింది. కాలువ చివరి మడి దాకా నీళ్లు పారించడమే తాను చేసిన పెద్ద పని అని బాపు అనుకునేవాడు. నడవని ఇంజనును తుప్పు తినేస్తే నూనె దొరికినా పొలం తడవదు. ఆయన భయం అదే.

పెద్ద చక్రాన్ని, దిమ్మను బావి దగ్గరి కొట్టంలోనే ఉంచాం. లోపలి నున్నటి భాగాల మీద రంగు ఉండదు. తుప్పు ముందు పట్టేది వాటికే. పూయడానికి గ్రీజు లేదు. మా వైపు ఇంటింటా ఉండేది ఆముదం. బాపు దాన్ని నీటి చుక్క లేకుండా కాచాడు. బూడిదతో నా చేతులు కడిగించి, ప్రతి భాగాన్నీ గుడ్డతోనే పట్టుకోమన్నాడు.

"చెమట చెయ్యి తగిలిన కాడల్ల ఎర్రగైతది, యాదుంచుకో."

మా చేలో గొర్ల మందను నిలిపే ఇంటి ముసలవ్వ అటుగా వచ్చి నిలబడింది.

"ఏం పటేలా, ఇంజనుకు పెండ్లి చేస్తున్నవా? నూనె రాసి నలుగు పెడ్తున్నవ్!"

"తుప్పు పట్టొద్దని అవ్వా. ఎన్ని నెలలు పండవెట్టాల్నో ఏమో."

"ఉత్త నూనె నిలుస్తదా? కిందికి కారిపోతది. మేం బొచ్చు కత్తెరను పచ్చి ఉన్నిల చుట్టి పెడ్తం. వానకాలమంత గట్లనె ఉంటది. గొర్రె మీద వాన కొడితె లోపట తోలు తడుస్తదా?"

మరునాడు ఆమె రెండు మూటల ఉన్ని తెచ్చింది. ఒక మూటతో బాపు ఇరుసునూ కడ్డీనీ చుట్టి ఒక పెద్ద మట్టి గోలెంలో దించాడు. రెండో మూట, పిస్టను, దాని రింగులు, వాల్వులు నాకు వదిలాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పట్నంలో చదువు ముగించి వచ్చాను. ఆ ఉన్నిలో ముళ్లు, పెంటికలు, ముక్కు పగిలే వాసన. అద్దంలా మెరిసే పిస్టనుకు ఆ మురికి చుట్టడానికి మనసొప్పలేదు. బాపు బావి దగ్గర ఉండగా, వేడినీళ్లలో కుంకుడు రసం పోసి ఉన్నిని మూడుసార్లు కడిగి కంచె మీద ఆరేశాను. దువ్విన తలలా నల్లగా, తేలికగా తయారైంది.

ముసలవ్వ ఆ కంచె దగ్గర ఆగిపోయింది.

"అయ్యో బిడ్డా, కుంకుడు పోసి కడిగినవా? ముండ్లు ఏరితె సాలు గద! గా జిడ్డే దాని పానం."

"వాసనొస్తాంది అవ్వా."

"గా వాసనలనే మేం బతుకుతలేమా?" అంది. "మీ బాపుకు చెప్పు," అని వెళ్లిపోయింది.

చెప్పలేదు. గొర్రెలు కాసే ఆమెకు ఇంజను సంగతి ఏం తెలుసనుకున్నాను. ఆముదం రాసి, కడిగిన ఉన్నితోనే చుట్టి, గోలెం మూతికి మట్టి మెత్తాను.

ఆ ఏడు ముసురు వదల్లేదు. బాపు రోజూ గోలేల మీద చెయ్యి పెట్టి చూసేవాడు. తెరిస్తే లోపలికి తేమ చేరుతుందని తెరిచేవాడు కాదు. ఒకసారి, చెప్పేద్దామని ఆయన పక్కన కూర్చున్నాను. "నువ్వు కట్టినదాని ఫికర్ లేదు, అది పదిలంగుంటది," అన్నాడాయన. నేను లేచి వెళ్లిపోయాను.

చలికాలానికి రాజ్యం మారింది. జడ్చర్లలో నూనె దొరికింది. బాపు ముందు తన గోలెం తెరిచాడు. ఉన్ని విప్పితే ఇరుసు దాచిన నాటి లాగే ఉంది. తరవాత నాది తెరిచాడు. ఆముదం కారి అడుగున బంకలా గడ్డకట్టింది. తడి పీల్చిన ఉన్ని పిస్టనుకు అతుక్కుని, లాగితే ఎర్రటి పొడి రాలింది. బాపు బొటనవేలితో తడిమాడు. గుంటలు పడ్డాయి.

"కడిగినవా?"

"కడిగిన బాపూ. అవ్వ చెప్పింది. నేనే ఇనలే."

ఆయన పోయి ఇటుకపొడి, ఆముదం తెచ్చి నా ముందు పెట్టాడు. నాలుగు రోజులు రుద్దాను. తుప్పు పోయింది, గుంటలు పోలేదు. ఇంజను నడిచింది కానీ లోపలి బిగువు లేక, గుంటల్లోంచి పొగ తన్నుకొచ్చేది. నీళ్లు చివరి మడికి ముందే ఆగిపోయేవి. కొత్త పిస్టను మా తాహతుకు అందలేదు.

ఆ మడిలో బాపు ఉన్నన్నాళ్లూ మళ్లీ వరి వెయ్యలేదు. ఏటా తొలి వానకు ఒక్కడే పోయి, అందులో నీళ్లు అడగని ఆముదాలు వేసి వచ్చేవాడు.