అవ్వకు చెవుడొచ్చిన పొద్దు

ఈ మధ్య మా ఊళ్లో ఎవరికీ సరిగ్గా తిట్టడం రావడం లేదు. రెండు మాటలకే అలసిపోయి ఫోన్లు చూసుకుంటున్నారు. ఇంట్లో పిల్లలందరికీ పెద్దక్కను కాబట్టి ఈమాత్రం విసుక్కునే హక్కు నాకుంది. తెలంగాణ వచ్చిన కొత్తలో, అంటే నా చిన్నప్పుడు, మర్రిగూడ దిక్కున తిట్లకు మా అవ్వది పెద్ద పేరు.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒక సందు ఉండేది. మేం వీధిలోకి రావాలంటే అదొక్కటే దారి. ఒకనాడు పక్కింటాయన ఆ సందంతా తనదేనని ముళ్లకంప అడ్డం వేశాడు. ఇక రోజూ పొద్దున్నే వచ్చి, కంప ముట్టుకుంటే కాళ్లిరగ్గొడతానని బెదిరించేవాడు. మేమంతా వెనక గోడ దూకి తిరిగాం. ఫ్లోరైడ్ నీళ్లకు వంగిన మోకాళ్లతో అవ్వ దూకలేదు. దవాఖానకు పోవడం కూడా ఆగిపోయింది.

అమ్మ గోడ దూకి కోర్టుకు పోయింది. అక్కడ ఆడవాళ్లకు ఫీజు లేకుండా వాదించే వకీలమ్మ దొరికింది. బెదిరింపులకు పోలీసు ఫిర్యాదు, దారికి సివిల్ దావా, రెండూ వేర్వేరని ఆమె చెప్పింది. సందు ఉమ్మడిదని రుజువు కావాలంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎదురు తిట్టొద్దంది. ఈ చివరి షరతు మా వీధికి తీరని నష్టం.

మర్నాడు పొద్దున్నే నేను గడప మీద అవ్వ పక్కన చోటు పట్టుకున్నాను. అమ్మ కిటికీలో ఫోను రికార్డింగ్ పెట్టింది. ఆయన రానే వచ్చాడు.

"ఏం ముసల్దానా, గీ సందు మీ అయ్యదనుకున్నవా?"

అవ్వ చెవికి చెయ్యి ఆనించింది. "జర గట్టిగ చెప్పు తమ్మీ, ఇనబడతలేదు."

"మా తాత సగం జాగ ఇడువకపోతే మీకు గీ బాటెక్కడిది?"

"ఎంత ఇడిసిండు?"

"సగం. సగం ఇడిసిండు."

అవ్వకు అదీ వినబడలేదు. ఆయన బండరాయెక్కి, బోరింగు కాడి జనమంతా తిరిగి చూసేదాకా "సగం" అని అరిచాడు. నాకు ముక్క అర్థం కాలేదు.

ఫోనులో అదంతా విన్న వకీలమ్మ ఒక్కటే అడిగింది. "మరి మిగిలిన సగం ఎవరిది?"

దావా తేలేదాకా దారికి అడ్డం పెట్టొద్దని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. పోలీసులు పిలిపించి మాట్లాడాక బెదిరింపులూ ఆగాయి. వీధికి వినోదం కొంత తగ్గింది.

ఇప్పటికీ ఎవరైనా నా మీద అరిస్తే నా చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోతుంది. మళ్లీ చెప్పమంటాను. నిజం దాచుకున్న మనిషి కోపంలో దాన్ని ఎంత గట్టిగా చెబుతాడో ఆనాడే చూశాను.

కంప తీసిన రోజు సందులో మొదట నడిచింది అవ్వే. పక్కింటాయన గోడకు ఒత్తుకుని దారిచ్చాడు. ఆమె దాటిపోతుంటే మెల్లగా గొణిగాడు.

"పెద్దమ్మా, నీకు చెవుడు లేదు."